ఉమ్మేసిన తీపి

తరుగు లేని సరుకు లేదని విల్లూరి సింహాచలం గట్టి నమ్మకం. బండి ఎక్కిన బెల్లం బండి దిగేసరికి కొంత చెమ్మ ఆరి తగ్గుతుంది, కొంత చీమలకు పోతుంది, కొంత పొడిగా రాలి గోనెకు అంటుకుంటుంది. ఆ పోయేది ఎంతో ముందే అడిగి తెలుసుకున్నవాడు వ్యాపారి. తరుగే లేదని చెప్పేవాడి దగ్గర సరుకు చూడకుండానే లేచి వచ్చేయాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో తండ్రి పక్కన కూర్చుని అతను నేర్చుకున్న మొదటి పాఠం అది.

అందుకే, విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న పరిశోధనశాలలో డాక్టర్ కల్యాణీ పాత్రో "ఇక మీ అమ్మాయికి రోజూ సూదులతో పని ఉండదు" అన్నప్పుడు, సంతోషం కంటే ముందు అతని నోట్లోంచి ప్రశ్న వచ్చింది.

"తరుగెంతండీ?"

"ఏమిటీ?"

"అదే మేడమ్. మీరిచ్చేది చెప్పారు. మా దగ్గర పోయేదేటో చెప్పలేదు."

పక్కన కూర్చున్న హైమ తల పట్టుకుంది. "నాన్నా, ఇది బెల్లం కాదు."

"నీ ఒళ్లమ్మా. బెల్లానికంటే ఇంకా గట్టిగా అడగాలి."

డాక్టర్ పాత్రో నవ్వింది. జంతువుల్లో చూశామనీ, కొద్దిమంది మనుషుల్లో చూశామనీ, ఇప్పటివరకు చెప్పుకోదగ్గ నష్టం ఏదీ కనబడలేదనీ చెప్పింది. ఆ మాట సింహాచలానికి నచ్చలేదు. కనబడలేదంటే లేదని కాదు. అయినా సంతకం పెట్టాడు. ఎందుకంటే తక్కెడలో ఇటువైపు పళ్లెం చాలా బరువుగా ఉంది.

హైమకు తొమ్మిదో ఏట చక్కెర జబ్బు బయటపడింది. వయసు మీద పడ్డాక వచ్చి మాత్రలకు లొంగేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒళ్లే పగవాళ్లనుకుని చంపేసుకునే రకం. బయటి నుంచి ఇన్సులిన్ వెళ్తేనే ప్రాణం. అప్పటి నుంచీ ఆ ఇంట్లో అన్నం ముద్ద ప్రతిదీ ఒక అంచనా. ఎంత తింటుందో ముందే లెక్కవేసి అంతకు సరిపడా సూది వేసుకోవాలి. సూది పడ్డాక వంట ఆలస్యమైతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. సూది తక్కువైతే దాహం, నీరసం, వాంతులు. వ్యాపారంలో అంచనా తప్పితే వచ్చే సీజన్లో పూడ్చుకోవచ్చు. ఇక్కడ పూడ్చుకోవడానికి సీజన్ లేదు. తుఫాను వచ్చి ఊరంతా కరెంటు పోయిన వారంలో, హైమ తల్లి నరసమ్మ ఇన్సులిన్ బుడ్డీలను తడిగుడ్డలో చుట్టి కొత్త కుండలో పెట్టి, ఆ కుండ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఇల్లు కారుతున్నా అక్కడి నుంచి లేవలేదు.

పైగా బజార్లో ఎగతాళి ఒకటి. "బెల్లం కొట్టోడి పిల్లకి తీపి జబ్బేటి బావా!" అని ఎదురు కొట్టు కనకయ్య అన్నప్పుడల్లా సింహాచలం నవ్వేవాడు. ఇంటికెళ్లాక ఆ నవ్వు మిగిలేది కాదు.

పాత్రో కనిపెట్టింది చింతగింజంత తిత్తి. హైమ చర్మం నుంచి తీసిన కణాలనే మార్చి, పెంచి, ఇన్సులిన్ తయారుచేసేవిగా చేసి అందులో నింపారు. తిత్తి గోడకున్న కన్నాల్లోంచి చక్కెర లోపలికి పోతుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది. ఒంటి సైన్యం మాత్రం లోపలికి దూరలేదు. దాన్ని పొట్ట మీద చర్మం కింద పెట్టారు. అయితే చర్మం కింద ఉన్న కణాలకు కబురు ఆలస్యంగా అందుతుంది. అన్నం అరిగి, చక్కెర నెత్తురులో బాగా పెరిగాక గానీ అవి లేవవు. దానికోసమే రెండు చెవుల వెనకా ఆవగింజంత గింజలు పెట్టారు. నాలుక నుంచి మెదడుకు రుచి మోసుకెళ్లే నరం చెవి పక్కనుంచే పోతుంది. గింజ ఆ నరాన్ని వింటుంది. నోట్లో తిండి పడగానే తిత్తిని తడుతుంది.

గాయం మానిన రోజు పాత్రో ఒక చుక్క పంచదార నీళ్లు హైమ నాలుక మీద వేసింది. తిత్తి వదిలే ఇన్సులిన్‌ను చూపించే తెర మీద అడ్డంగా పడుకుని ఉన్న గీత లేచి కూర్చుంది.

"గుమ్మంలో లారీ హారన్ వినగానే సరుకు దింపే కలాసీల్ని కేకేసినట్టు" అన్నాడు సింహాచలం.

"అచ్చంగా అంతే!" అంది పాత్రో. "పైగా ఇది నేర్చుకుంటుంది. ఏ రుచి వెనక ఎంత చక్కెర వస్తుందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. అందుకే అలవాట్లు అడుగుతున్నాను. తీపి ఎంత తరచుగా తింటుంది?"

"తీపి మా అమ్మాయి ముట్టదండీ. తొమ్మిదో ఏట నుంచీ."

హైమ కూడా తలూపింది. తండ్రీ కూతుళ్లలో ఎవరూ అబద్ధమాడలేదు.

"నాటు మందులు, చూర్ణాలు, కషాయాలు, కాయలు, అలాంటివేమైనా వాడితే మానేయండి. కణాలు కుదురుకునేదాకా ఏవీ వద్దు."

సింహాచలం ఆ మాటను జాగ్రత్తగా మూటగట్టుకున్నాడు.

ఇల్లు చేరిన మర్నాడు హైమ పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, నేరుగా వచ్చి ఇడ్లీ తింది. అంతే. మధ్యలో ఏమీ లేదు. నరసమ్మ చట్నీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటమ్మా అలా చూస్తావు?"

"ఏం లేదే. ఇంకోటి వేసుకుంటావా?"

"వేసుకుంటాను."

"ఓలమ్మ, వేసుకుంటానంటంది!" అని నరసమ్మ ఇల్లంతటికీ వినబడేలా అరిచింది. ఇంట్లో ఉన్నది ముగ్గురే.

కొత్త బెల్లం దిగే రోజులు వచ్చాయి. మార్కెట్లో చెరకు రైతుల బండ్లు, ఆటోలు బారులు తీరాయి. గచ్చు మీద దిమ్మలు వరసలుగా పేర్చారు. కొన్ని బంగారు రంగు, కొన్ని ఎర్రన, కొన్ని నల్లన. రంగు చూసి కొనేవాళ్లు చాలామంది. కానీ రంగు మోసం చేస్తుంది. పాకంలో రంగు తేలడానికి వేసే హైడ్రోస్ మందు ఎక్కువైతే ఎలాంటి బెల్లమైనా మెరుస్తుంది. ఆ మెరుపు కింద సన్నటి ఉప్పదనం ఉంటుంది. పాకం అడుగంటితే ఒక చేదు, చెరకు ముదరకుండా నరికితే ఒక పులుపు. అది నాలుకకే తెలియాలి. విల్లూరి వాళ్ల కొట్టుకు పేరు వచ్చిందే నాలుక వల్ల. దిమ్మ అంచు గోటితో విరిచి, నాలుక మీద పెట్టుకుని, కరిగాక పక్కనున్న మట్టి మూకుట్లోకి ఉమ్మేయడం వాళ్ల పద్ధతి. మింగితే నాలుగో దిమ్మకే నోరు మొద్దుబారిపోతుంది. అందుకే ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒకటే మాట: ఉమ్మేసింది తిన్న లెక్క కాదు.

టైఫాయిడ్ వచ్చి తగ్గాక సింహాచలం నాలుకకు ఆ పదును పోయింది. అప్పటికి హైమ డిగ్రీ చదువుతోంది. సరదాకి ఒకరోజు మార్కెట్‌కు వచ్చి, తండ్రి మెచ్చుకున్న దిమ్మను నాలుక మీద పెట్టుకుని "ఉప్పగా లేదూ?" అంది. ఉంది. ఆ రోజు నుంచీ కొట్టుకు ఆమే నాలుక. తాత పద్ధతి కూడా పట్టుకుంది. బుగ్గన చిన్న కరక్కాయ ముక్క పెట్టుకుంటే, దాని వగరుకు పాత రుచి కడిగినట్టు పోయి ప్రతి దిమ్మా కొత్తగా తెలుస్తుంది.

ఈసారి మాత్రం బయల్దేరేముందు సింహాచలం ఆమె చేతిలోని రేకు డబ్బా చూసి ఆపాడు. "కాయలు వద్దన్నారు కదమ్మా డాక్టరమ్మ. నీళ్లతో పుక్కిలించు, చాలు."

హైమ డబ్బాను సంచిలో పడేసింది.

మొదటి వరస బాగానే గడిచింది. విరవడం, నాలుక మీద పెట్టుకోవడం, ఉమ్మడం, పుక్కిలించడం. "ఇది తీసుకో నాన్నా. ఇది వద్దు. ఇది పర్లేదు, పరమాన్నానికి పనికొస్తుంది." రెండో వరసలో ఒక దిమ్మ దగ్గర తటపటాయించింది. మళ్లీ విరిచింది. మందు మరీ ఎక్కువై, దూరం నుంచే హైడ్రోస్ అని తెలిసిపోయే దిమ్మ అది.

"ఇది చాలా బాగుంది" అంది.

ఎదురుగా కనకయ్య పకపకా నవ్వాడు. "ఏటి బావా, మీ నాలుక కూడా రంగు చూసి పాడుతోందే! ఆ దిమ్మ నేను పొద్దుటే కాలితో తన్నేశాను."

"నోర్ముయ్ మావయ్యా! నీకేం తెలుసు? ఎప్పుడైనా నోట్లో పెట్టుకున్నావా? కళ్లతో కొని కళ్లతో ఏడ్చే మొహం!"

చుట్టూ ఉన్నవాళ్లు బిత్తరపోయారు. కనకయ్య నవ్వు ఆగిపోయింది. హైమ అలా మాట్లాడే పిల్ల కాదు. కానీ సింహాచలానికి ఆ గొంతు తెలుసు. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే కోపం అది. ముందు కోపం, తర్వాత చెమట, ఆ తర్వాత మాట తడబాటు. సూదులున్న రోజుల్లో ఆ ఇంట్లో అందరూ చదవగలిగిన వరస. సూది లేకుండా అది ఎలా వచ్చిందో ఆలోచించడానికి అప్పుడు వ్యవధి లేదు. ఆమె పై పెదవి మీద చెమట ముత్యాల్లా నిలిచింది.

చేతికందిన దిమ్మను గచ్చుకేసి కొట్టి, పెద్ద ముక్క ఆమె నోట్లో కుక్కాడు.

హైమ దాన్ని నాలుక మీద తిప్పింది. మూకుట్లోకి ఉమ్మేసింది.

"మింగమ్మా!"

ఇంకో ముక్క పెట్టాడు. ఉమ్మేసింది. "ఉప్పుంది" అని గొణిగింది. కళ్లు అతని మీద నిలవడం లేదు. ఇన్నేళ్లూ ఆమె నోటికి నేర్పిన పాఠం ఒక్కటే. ఆ నోరు పాఠం తప్పడం లేదు. మూడో ముక్క పెట్టి సింహాచలం అరచేత్తో ఆమె నోరు గట్టిగా మూసేశాడు. ఆమె పెనుగులాడింది. కొరికింది. అతను చెయ్యి తీయలేదు. "మింగవే తల్లీ, మింగు" అంటూ నడి మార్కెట్లో, అందరూ చూస్తుండగా, కూతురి గొంతు కదిలేదాకా అలాగే పట్టుకున్నాడు. కనకయ్య పరుగున వెళ్లి చెరకు రసం తెచ్చాడు.

కాసేపటికి హైమ దిమ్మల మీదకు వాలి, చుట్టూ చూసి, "ఏమైంది?" అంది. తర్వాత తండ్రి చెయ్యి చూసింది. అరచేతిలో పళ్ల గుర్తులు, ఎర్రగా.

మర్నాడు పరిశోధనశాలలో పాత్రో తెర మీది గీతను వెనక్కి తిప్పి చూస్తూ ఉండిపోయింది. ఒకదాని వెనక ఒకటి, చీమల పుట్టల్లా చిన్న చిన్న గుట్టలు.

"ఇన్నిసార్లు ఏం తిన్నావమ్మా?"

"ఏమీ తినలేదండీ."

"తిత్తి తిన్నావంటోంది. ప్రతిసారీ తీపి. ప్రతిసారీ కొంచెం ఇన్సులిన్ వదిలింది. వెనక చక్కెర మాత్రం రాలేదు."

"అదా? అది రుచి చూశానండీ."

"రుచి చూశావా?"

"చూసి ఉమ్మేశాను. మా వ్యాపారం అది."

పాత్రో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తీపి ముట్టదన్నారు కదండీ!"

"ముట్టదు మేడమ్" అన్నాడు సింహాచలం, తనేం తప్పు చెప్పాడో నిజంగానే తెలియక. "ఉమ్మేస్తుంది."

పాత్రో మెల్లగా అంది, "తప్పు నాది. తింటుందా అని అడిగాను. నోట్లో పెట్టుకుంటుందా అని అడగాల్సింది."

ఉన్న దారులు చెప్పింది. తిత్తి తీసేసి మళ్లీ సూదులకు వెళ్లడం. లేదంటే తిత్తి ఉంచి చెవి గింజలు తీసేయడం. కానీ అవి నరాన్ని అల్లుకుపోయాయి. తీస్తే నరం తెగుతుంది, నాలుక ముందుభాగంలో రుచి పోతుంది. పైగా అప్పుడు తిత్తి ఆలస్యంగా లేస్తుంది కనక పూటపూటా కొంత సూది తప్పదు. మూడోది తేలిక. బెల్లం రుచి చూడటం మానేయడం.

"మానేస్తుంది" అన్నాడు సింహాచలం వెంటనే. లెక్క అంత స్పష్టంగా ఉంటే ఇక ఆలోచించేదేముంది? "కనకయ్య కళ్లతో కొనడం లేదా? మేమూ అలాగే కొంటాం. పేరు కొంచెం తగ్గుతుంది. తగ్గనీ."

హైమ లేచి బయటికి వెళ్లిపోయింది.

వరండా చివర బల్ల మీద కూర్చుని ఉంది. కింద దూరంగా సముద్రం, రేవులోకి పోతున్న ఓడ ఒకటి. సింహాచలం పక్కన కూర్చున్నాడు.

"కొట్టు గురించి బెంగ పెట్టుకోకు" అన్నాడు. "నీకంటే కొట్టు ఎక్కువేటి?"

"నేను కొట్టు గురించి ఏడవట్లేదు నాన్నా."

"మరి?"

ఆమె కొంచెంసేపు ఓడనే చూసింది. "పెళ్లిళ్లకి వెళ్తాం కదా. నా ఆకులో లడ్డూ పెడతారు. పెట్టినావిడే నాలుక్కరుచుకుని తీసేస్తుంది. పక్కావిడ నా వంక జాలిగా చూస్తుంది. బళ్లో పుట్టినరోజు చాక్లెట్ పంచితే టీచర్ నన్ను దాటించి ఇచ్చేది. ఎక్కడికి వెళ్లినా తీపి నా దగ్గరికి రాగానే చెయ్యి మారిపోతుంది. మార్కెట్లో మాత్రం ఎంతెంత మీసాలున్న రైతులూ దిమ్మ విరిచి, అమ్మా ఇది చూడమ్మా, మాది చూడమ్మా అని నాకిస్తారు." తండ్రి వైపు తిరిగింది. "ఉమ్మేసేదాకా అది నాదే నాన్నా. నాకున్న తీపి అంతే. అది కూడా మానేస్తుందని నువ్వే చెప్పేశావు."

ఇన్నేళ్లూ సింహాచలం ఆ నాలుకను కొట్టుకు వచ్చే లాభం వైపు వేసుకున్నాడు. పోతే ఎంత నష్టమో కూడా మనసులో కట్టి ఉంచాడు. ఆమె వైపు నుంచి ఎప్పుడూ తూచలేదు. తూకం తెలిసినవాడినని ఊళ్లో పేరు. కూతురి పళ్లెంలో ఏముందో చూడకుండానే బేరం ఒప్పేసుకున్నాడు.

"పద" అన్నాడు లేస్తూ. "ఆ బేరం రద్దని చెబుదాం."

తలుపు దగ్గరే పాత్రో ఎదురైంది. మూడు కప్పుల టీ ట్రేలో పెట్టుకుని తానే వస్తోంది. పంచదార వేయలేదని ముందే చెప్పింది.

"ఒకటి అడగాలి" అంది. "తిత్తి మొండిది కాదు, నేర్చుకునేది. తీపి వచ్చి వెనక చక్కెర రాకపోతే, కొన్నాళ్లకు ఆ తీపిని నమ్మడం మానేస్తుంది. చిక్కేమిటంటే, అప్పుడు అన్నం దగ్గర కూడా నమ్మదు. దానికి ఏదో ఒక గుర్తు కావాలి. తినేటప్పుడు నోట్లో లేనిది, రుచి చూసేటప్పుడు మాత్రమే ఉండేది. ఏ రుచైనా సరే. అలాంటిది ఏమైనా వాడతారా?"

హైమ సంచిలో చెయ్యి పెట్టి రేకు డబ్బా తీసింది. మూత తెరిచి ముందు పెట్టింది. గోధుమరంగు ముక్కలు, అడుగున కాస్త పొడి.

"కరక్కాయ. రుచి చూసినంతసేపూ బుగ్గన ఉంటుంది. నిన్న మాత్రం లేదు."

"నిన్న ఎందుకు లేదు?"

"మీరే కాయలు వద్దన్నారు మేడమ్" అన్నాడు సింహాచలం.

"నేను మందుగా వాడేవి వద్దన్నాను!"

"కాయలన్నారు. ఇది కాయే."

పాత్రో నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. నవ్వు ఆగాక మళ్లీ గంభీరమైంది. "నిన్న ఇది ఉన్నా పడిపోయేదానివే. తిత్తికి దీని అర్థం ఇంకా తెలీదు. నేర్పాలి. నేర్పడమంటే కరక్కాయతో రుచి చూడాలి, ఉమ్మాలి, తిత్తి తొందరపడాలి, చక్కెర పడిపోవాలి, అది తన పొరపాటు చూసుకోవాలి. మళ్లీ మళ్లీ. చేతికి గ్లూకోజు గొట్టం పెట్టే చేస్తాం, ప్రమాదం రానివ్వను. కానీ హాయిగా ఉండదు. ఫలిస్తుందని మాటివ్వలేను."

"తరుగు?" అన్నాడు సింహాచలం.

"ఉంటుంది. ఎంతో, ఎక్కడో తెలీదు."

సింహాచలానికి మొదటిసారి ఆవిడ మీద పూర్తి నమ్మకం కుదిరింది.

నేర్పడం మొదలైంది. వారానికి కొన్ని రోజులు తండ్రీ కూతుళ్లు దిమ్మలు గోనెలో చుట్టుకుని బస్సెక్కేవాళ్లు. మిగతా రోజుల్లో మార్కెట్‌కు సింహాచలం ఒక్కడే వెళ్లి, రంగు చూసి కొని, తిట్లు తిని వచ్చేవాడు. పరిశోధనశాలలోకి చీమలు దారి కనుక్కున్నాయి. తెల్లకోట్ల పిల్లలు బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం నేర్చుకున్నారు. కనకయ్య తన సరుకులో మంచి దిమ్మ ఏరి పంపించి, "కళ్లతోనే ఏరానని చెప్పు దానికి" అన్నాడు. హైమ దాన్ని నాలుక మీద పెట్టుకుని, "బాగానే ఉందని చెప్పకు నాన్నా, పొంగిపోతాడు" అంది.

నవ్వులాట ఎంతోసేపు నిలిచేది కాదు. ప్రతిసారీ గీత లేచేది. ప్రతిసారీ హైమ ముఖం పాలిపోయేది. గ్లూకోజు ఎక్కేది, తేరుకునేది, తల పగిలిపోతోందనేది. మళ్లీ కరక్కాయ, మళ్లీ దిమ్మ. ఒకరోజు డబ్బా విసిరికొట్టింది. "తీసేయండి! తిత్తి, గింజలు, అన్నీ తీసేయండి. నాకు సూదులే బాగున్నాయి!"

అది చక్కెర పడిన కోపమో, అసలు కోపమో ఈసారి సింహాచలానికి కూడా తేలలేదు. అతను కింద పడిన ముక్కలు ఏరి, ఊది, డబ్బాలో వేసి ఆమె పక్కన పెట్టాడు.

"ఇంటికెళ్దామా?" అన్నాడు. "నువ్వు ఎలాగంటే అలాగే. ఈసారి నీ తరఫున నేను చెప్పను."

హైమ అతని అరచేతిని తిప్పి చూసింది. పళ్ల గుర్తు మానింది గానీ చిన్న మచ్చ మిగిలింది. "నొప్పిగా ఉందా ఇంకా?"

"కూతురు కొరికిందని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అంతే."

ఆమె కళ్లు తుడుచుకుని డబ్బా అందుకుంది.

గీత ఒక్కసారిగా మారలేదు. గుట్టలు రోజురోజుకూ కుంగాయి. పిల్లలు సున్నంతో గీసిన కొండల్లా ఉన్నవి ఇసుక మీద అలల గుర్తుల్లా అయ్యాయి. ఒక ఉదయం హైమ బుగ్గన కరక్కాయ పెట్టుకుని దిమ్మ విరిచింది, నాలుక మీద పెట్టుకుంది. గదిలో అందరూ తెర వైపు చూశారు. గీత పడుకునే ఉంది. ఇంకో దిమ్మ. కదల్లేదు.

"ఇప్పుడు తిండి" అంది పాత్రో, గొంతు తగ్గించి. హైమ నోరు కడుక్కుని ఇడ్లీ తుంచింది. మొదటి ముద్దకే గీత లేచి కూర్చుంది, చెప్పినట్టుగా, ఠంచనుగా. పాత్రో కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతుంటే సింహాచలం కిటికీ వైపు తిరిగి సముద్రాన్ని చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆ సంతోషంలో నరసమ్మ మర్నాడు పెద్ద క్యారేజీ కట్టి పంపింది. అందులో హైమకు ప్రాణమైన అరటిపువ్వు కూర, ఆవ పెట్టింది. హైమ కడుపునిండా తింది. తిత్తి లేవలేదు. నెత్తురులో చక్కెర మాత్రం ఎగబాకింది. పాత్రో కంగారుగా గీతలన్నీ తిరగేసి, చివరికి కూర ఒక ముక్క తన నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"వగరు" అంది. "కరక్కాయ వగరుకూ దీని వగరుకూ తిత్తికి తేడా తెలీడం లేదు. వగరు తగిలితే ఇది భోజనం కాదనుకుంటోంది. వెనక చక్కెర పెరిగాక ఎప్పటికో లేస్తుంది, కానీ అప్పటికి ఆలస్యం." దిగులుగా చూసింది. "అరటిపువ్వు, నేరేడు పళ్లు, పచ్చి జామకాయ, అలాంటివి తిన్న పూట చిన్న సూది తప్పదు. నన్ను క్షమించాలి. దీన్ని సరిచేయగలనో లేదో తెలీదు."

సింహాచలం ముఖం విప్పారింది. పెద్దగా నవ్వేశాడు. పాత్రో, హైమ ఇద్దరూ అయోమయంగా చూశారు.

"దొరికింది మేడమ్! ఇన్నాళ్లూ ఎక్కడ నక్కిందా అని వెతుకుతున్నాను. ఇదే కదా తరుగు? నేరేడు పండూ, అరటిపువ్వూనా?" కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతేనా? ఇక నాకు భయం లేదు. రాత్రి నిద్ర పడుతుంది."

"మా ఆవిడ ఒప్పుకోదేమో గానీ" అని మళ్లీ తానే అన్నాడు.

నరసమ్మ నిజంగానే ఒప్పుకోలేదు. "ఏటి, నా కూర దగ్గరే వచ్చిందా దానికి రోగం?" అని తిత్తిని రెండు రోజులు తిట్టింది. తర్వాత ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టే చోట ఒక ఇన్సులిన్ బుడ్డీని పడుకోబెట్టింది. ఒకప్పుడు ఆ అరంతా అవే ఉండేవి. ఇప్పుడు ఒక్కటి, పక్కన గుడ్లు.

బెల్లం రోజులు అయిపోకముందే హైమ మార్కెట్‌కు వచ్చింది. సింహాచలం జేబు నిండా గ్లూకోజు పొట్లాలు. ఆమె వెనకే నీడలా నడిచాడు. వరస తర్వాత వరస గడిచింది. ఆమె పై పెదవి పొడిగానే ఉంది. ఒక దిమ్మ దగ్గర ఆగి ఉమ్మి, "హైడ్రోస్" అంది. ఆ దిమ్మ కొనబోతున్న కనకయ్య చెయ్యి గాల్లోనే ఆగింది.

"కోపంగా అందా, మామూలుగా అందా బావా?" అని అడిగాడు.

"మామూలుగానే."

"అయితే నిజమే" అని దిమ్మ వదిలేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆ రోజు దొరికిన వాటిలో మేలైన దిమ్మను సింహాచలం సంచిలో వేసుకున్నాడు. భోజనాలయ్యాక, హైమ నోరు శుభ్రంగా కడుక్కుని వచ్చాక, అంచు విరిచి ఇచ్చాడు. ఆమె నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. కరిగింది. అలవాటుగా చెయ్యి కిందికి పోయి మూకుడు కోసం తడిమింది. అక్కడ మూకుడు లేదు. నరసమ్మ పొద్దుటే దాన్ని పెరట్లో బోర్లించేసింది.

హైమ కళ్లు తెరిచి తండ్రి వంక చూసింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"మింగమ్మా" అన్నాడు సింహాచలం. ఈసారి చెయ్యి ఎత్తలేదు.

ఆమె మింగింది. కొంచెంసేపు కదలకుండా కూర్చుని, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గొంతు దగ్గర ఇంకో తీపి ఉంది నాన్నా. నాలుక మీద దొరకనిది. మరిచేపోయాను."

సింహాచలం తానూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. పదును పోయిన నాలుక మీద అది నెమ్మదిగా కరిగింది. మింగాడు. నిజమే, ఉంది.

"కనకయ్యకి చెప్పకు" అన్నాడు. "రేపట్నుంచి వాడూ మింగి కొంటాడు."

హైమ నవ్వుతూ ఇంకో ముక్కకి చెయ్యి చాచింది.